34 ఏళ్ల స్ట్రైకర్‌కి మళ్లీ కాంట్రాక్టు ఇవ్వాలా? విశాఖ క్లబ్బు ఒకదాని కేస్ స్టడీ

విశాఖపట్నంలో రాష్ట్రస్థాయి లీగ్ ఆడే ఒక ఫుట్‌బాల్ క్లబ్బు. సీజన్ ముగింపుకొచ్చింది, స్ట్రైకర్ కాంట్రాక్టు కూడా దాంతోనే అయిపోతుంది. అతనికి 34 ఏళ్లు. క్లబ్బులో తొమ్మిదో సీజన్, మూడేళ్లుగా కెప్టెన్. ఈ ఏడు 22 మ్యాచ్‌ల్లో 13 గోల్స్ కొట్టాడు, జట్టులో అందరికంటే ఎక్కువ. ఎనిమిది నెలల సీజన్‌కి నెలకి 40,000 రూపాయలు తీసుకుంటున్నాడు. ఇప్పుడు నెలకి 45,000 చొప్పున రెండు సీజన్లకి అడుగుతున్నాడు. క్లబ్బు జీతాల బడ్జెట్ సీజన్‌కి 30 లక్షలు. అడిగినంతా ఇస్తే 24 మంది జట్టులో ఒక్కడికే 12 శాతం పోతుంది. అతని వెనక 21 ఏళ్ల కుర్రాడు ఒకడు బెంచ్ మీద ఉన్నాడు. సీజన్ మొత్తంలో ఆ కుర్రాడు ఆడింది 210 నిమిషాలు.

ఆటగాడెవరో, క్లబ్బేదో పోల్చుకోవడానికి వీల్లేకుండా వివరాలు మార్చాం. కేసులోని అంకెలు కూడా పద్ధతి అర్థమయ్యేలా సర్దినవే. వాటిని ఏ లీగ్ సగటుగానో తీసుకోవద్దు, లెక్క ఎలా వేయాలో మాత్రం తీసుకోండి.

కమిటీలో ఎక్కువమంది మాట ఒక్కటే: 13 గోల్స్ కొట్టినవాణ్ణి ఎవరైనా వదులుకుంటారా? వదులుకోమని ఎవరూ అనలేదు. కానీ ఆ 13 గోల్స్‌కి క్లబ్బు డబ్బు ఇచ్చేసింది, అవి అయిపోయాయి. ఇప్పుడు కొనబోతున్నది వచ్చే సీజన్‌లో అతను ఆడగల నిమిషాల్ని. అవి ఎన్ని, ఏ మ్యాచ్‌ల్లో, ఏ పనికి, ఎవరి నిమిషాలు తగ్గించి? కాగితం మీద ఈ నాలుగూ తేలకుండా జీతం మాట ఎత్తకూడదు. "వయసైపోయిందా, ఇంకా ఉందా" అన్న చర్చతో మీటింగులు గడిచిపోతాయి తప్ప ఏదీ తేలదు.

13 గోల్స్‌లో ఏముంది

ముందు పెనాల్టీలు పక్కన పెట్టాలి. పెనాల్టీ కొట్టడం నైపుణ్యమే, కాదనలేం. కానీ పెనాల్టీ ఎన్నిసార్లు దొరుకుతుందన్నది అతని చేతిలో లేదు. పైగా దాదాపు నాలుగింట మూడు పెనాల్టీలు ఎవరు కొట్టినా గోల్ అవుతాయి. ఈ సీజన్ 13లో ఐదు పెనాల్టీలు, అంటే ఆటలో కొట్టినవి ఎనిమిది. అంతకుముందు సీజన్‌లో మొత్తం 11, అందులో ఒక్కటే పెనాల్టీ, ఆటలో కొట్టినవి పది. పైకి 11 నుంచి 13కి పెరిగినట్టు కనిపించింది, లోపల పది నుంచి ఎనిమిదికి తగ్గింది. జీతం పెంచమన్న వాదన అంతా ఆ పైలెక్క మీదే నిలబడింది.

తర్వాత నిమిషాలు. పోయిన సీజన్ 1,710 నిమిషాలు, ఈ సీజన్ 1,620. ప్రతి 90 నిమిషాలకీ పెనాల్టీ కాని గోల్స్ 0.53 నుంచి 0.44కి వచ్చాయి. ఇంత చిన్న తేడా మీద నిర్ణయం తీసుకుంటే పొరపాటు. సీజన్ మొత్తానికి ఒకటిన్నర గోల్ తేడా అది. ఒక బంతి పోస్టుకి తగిలి లోపలికి పోయినా, బయటికి పోయినా తారుమారైపోతుంది. అందుకే గోల్స్ వదిలి షాట్లు లెక్కపెట్టాం.

పోయిన సీజన్ 61 షాట్లు, ఈ సీజన్ 46. ప్రతి 90 నిమిషాలకీ 3.2 నుంచి 2.6. షాట్లలో గోల్ అయినవి అప్పుడు 16 శాతం, ఇప్పుడు 17. అంటే కాలు చెడలేదు. బంతి దొరికితే ఇదివరకు ఎలా కొట్టేవాడో ఇప్పుడూ అలాగే కొడుతున్నాడు, బంతి దొరికే చోటికి చేరడమే తగ్గింది. ముప్పై దాటిన స్ట్రైకర్ విషయంలో ఈ రెంటినీ విడదీయకపోతే తర్వాత చేసే ప్రతి పనీ తప్పుదారి పడుతుంది. ఫినిషింగ్, అంటే షాట్‌ని గోల్‌గా మలచడం, తగ్గితే ప్రాక్టీసు కావాలి. చేరడం తగ్గితే పరుగునీ అలసటనీ నీళ్లనీ చూడాలి, ఆడే చోటు మార్చడం గురించి ఆలోచించాలి.

అదే 46 షాట్లని మ్యాచ్ సమయం ప్రకారం విడదీస్తే అసలు విషయం బయటపడింది. మొదటి 30 నిమిషాల్లో 20 షాట్లు, 31 నుంచి 60 దాకా 17, ఆ తర్వాత తొమ్మిదే. అతను మైదానంలో ఉన్న నిమిషాలకి సర్దితే ప్రతి 90 నిమిషాలకీ వరసగా 3.2, 2.7, 1.7. ఇక్కడొక జాగ్రత్త ఉంది. మన ఊరి ఉక్కపోతలో చివరి అరగంట ఎవరైనా నెమ్మదిస్తారు, ఆ తగ్గుదలనంతా వయసు ఖాతాలో రాయకూడదు. జట్టు మొత్తం షాట్లు తీసుకుంటే అదే మూడు భాగాల్లో 12, 11, 10. జట్టు ఆరో వంతు తగ్గితే అతను దాదాపు సగం తగ్గాడు. పట్టించుకోవాల్సింది ఆ అదనపు తగ్గుదలనే.

జీపీఎస్ లేని క్లబ్బు ఏం చేయాలి

పెద్ద లీగ్‌లలో గంటకి 19.8 కిలోమీటర్లు దాటిన పరుగుని హై స్పీడ్ అనీ, 25.2 దాటితే స్ప్రింట్ అనీ లెక్కగడతారు. చాలామంది ఆటగాళ్ల వీపు మీద జీపీఎస్ ఉంటుంది. మన స్థాయిలో ఉన్నది స్టాండ్ పైమెట్టు మీద ట్రైపాడ్‌కి బిగించిన ఒక ఫోన్. అది చాలు. షరతు ఒక్కటే: ఫోన్ బంతి వెంట తిరగకూడదు, సగం మైదానమైనా ఎప్పుడూ ఫ్రేములో ఉండాలి. బంతి వెంట తిప్పితే మనకి కావలసిన మనిషి సగం సేపు కనిపించడు.

చివరి ఎనిమిది మ్యాచ్‌ల వీడియోలో నాలుగే లెక్కపెట్టాం. డిఫెండర్ల వెనక్కి తీసిన పరుగులు. బంతి పోయాక ఐదు సెకన్లలోపు ప్రెస్ (బంతి ఉన్న ఎదుటివాడి మీదికి ఉరకడం) మొదలుపెట్టాడా లేదా. గోల్‌కి వీపు పెట్టి అందుకున్న పాస్‌లో బంతి మనవాళ్లకే చేరిందా. ఆఫ్‌సైడ్ నుంచి వెనక్కి వచ్చేటప్పుడు నడిచాడా, పరిగెత్తాడా. చివరిది చిన్న విషయంలా ఉంటుంది గానీ అలసట మొదట కనిపించేది అక్కడే. జనం చూస్తారనుకున్న చోట అలసిన మనిషి కూడా పరిగెడతాడు. ఎవరూ చూడరనుకున్న చోట నడుస్తాడు.

ఒక మ్యాచ్‌ని ఇలా లెక్కపెట్టడానికి రెండున్నర గంటలు పడుతుంది. మొదటి మ్యాచ్‌ని ఇద్దరు విడివిడిగా లెక్కపెట్టాలి. తేడా పది శాతం దాటితే నిర్వచనం సరిగ్గా లేదని అర్థం. "వెనక్కి పరుగు" అంటే కనీసం పది మీటర్లా, అయిదా? ముందు అది తేల్చుకుని మళ్లీ మొదలుపెట్టాలి. ఈ పని అతని అభిమానికీ ఇవ్వకూడదు, అతనంటే గిట్టనివాడికీ ఇవ్వకూడదు.

తేలిందేమిటంటే, వెనక్కి పరుగులు 60వ నిమిషం తర్వాత మూడో వంతుకి పడిపోయాయి. ప్రెస్ కూడా అంతే. కానీ గోల్‌కి వీపు పెట్టి అందుకున్న బంతి చివరి నిమిషం దాకా ఒకేలా ఉంది, పదింటిలో ఎనిమిది మనవాళ్లకే చేరాయి. కుర్రాడి వీడియోలో ఇదే పదింటికి అయిదు. పరుగు తగ్గింది, ఆట తెలివి నిలిచింది. వయసు మీద పడ్డ ఆటగాళ్లలో సాధారణంగా కనిపించేదే ఇది: ముందు పోయేది వేగం, చివరిదాకా నిలిచేది పాస్, చూపు, చోటు.

ఒంటి పరీక్షలు

సీజన్ ఆఖరి మ్యాచ్ అయిన మర్నాడు చేసే పరీక్షలో అలసట తప్ప ఏమీ తెలియదు. రెండు వారాలు విశ్రాంతి, ఒక వారం తేలిక శిక్షణ అయ్యాకే చేయాలి. ఒక్క కోలుకునే పరీక్ష మాత్రం సీజన్ నడుస్తుండగా, మ్యాచ్ తర్వాత చేయాల్సింది. దానితో మొదలుపెడతాను, ఎందుకంటే ఈ కేసులో అన్నిటికన్నా ఎక్కువ చెప్పింది అదే.

నడుం మీద చేతులు పెట్టి, మోకాళ్లు వంచి, నిలువుగా ఎగరాలి. ఫోన్‌ని నేల మీద, పాదాల ఎత్తులో, మీటరున్నర దూరంలో పెట్టి స్లో మోషన్‌లో 240 ఫ్రేముల దగ్గర తీయాలి. కాలివేళ్లు నేల వదిలిన ఫ్రేము నుంచి మళ్లీ తాకిన ఫ్రేము దాకా లెక్కపెట్టాలి. ఆ సంఖ్యని 240తో భాగిస్తే గాల్లో ఉన్న సమయం సెకన్లలో వస్తుంది. ఆ సమయాన్ని వర్గం చేసి 9.81తో గుణించి 8తో భాగిస్తే ఎత్తు మీటర్లలో వస్తుంది. 120 ఫ్రేములంటే అర సెకను, దాదాపు 31 సెంటీమీటర్లు. ఒక ఫ్రేము పొరపాటు పడితే తేడా అర సెంటీమీటరే, అది పర్వాలేదు. అసలు దెబ్బ తగిలేది ఆటగాడు గాల్లో మోకాళ్లు ముడిచి దిగినప్పుడు. సమయం పెరిగి, ఎగరని ఎత్తు ఎగిరినట్టు చూపిస్తుంది. కాళ్లు చాపుకునే దిగాలి. అలా దిగని గెంతుని కొట్టేసి మళ్లీ చేయించాలి. మూడు గెంతులు, మంచిది ఒకటి తీసుకోవాలి.

మ్యాచ్‌కి ముందు రోజు అతనిది 125 ఫ్రేములు, 33 సెంటీమీటర్లు. మ్యాచ్ అయిన 24 గంటలకి 114, అంటే 28 సెంటీమీటర్లు కూడా లేదు. 48 గంటలకి 118, ముప్పైకి కాస్త తక్కువ. 72 గంటలకి 124. అప్పటికి మామూలు స్థితికొచ్చాడు. కుర్రాడు 48 గంటలకే వచ్చేశాడు. ఆదివారం మ్యాచ్ ఆడితే బుధవారం దాకా అతని కాళ్లలో పూర్తి బలం లేదు. కోచ్ మాత్రం మంగళవారం సాయంత్రం స్ప్రింట్లు పెట్టిస్తున్నాడు.

మిగతావి క్లుప్తంగా. ఒంటికాలి మీద మడమ ఎత్తి దించడం కుడివైపు 27, ఎడమవైపు 19. ఎడమ పిక్క అంతకుముందే రెండుసార్లు పట్టేసింది, కారణం ఇక్కడే కనిపిస్తోంది. మోకాలు గోడకి తాకించే చీలమండ పరీక్షలో కుడి 10 సెంటీమీటర్లు, ఎడమ 7.5. తొడ వెనక కండరానికి 60 సెంటీమీటర్ల పెట్టె మీద మడమ ఆనించి ఒంటికాలి బ్రిడ్జ్ (వెల్లకిలా పడుకుని నడుం ఎత్తి దించడం) చేయిస్తే 28, 26. ఈ పరీక్షలో 20 లోపు వస్తే భయపడాలి, 30 దాటితే మంచిది, అతనికి ఫర్వాలేదు. మోకాళ్లలో వాపు లేదు. ఎమ్మారై అవసరం పడలేదు. అవసరం లేకుండా తీయిస్తే 34 ఏళ్ల మోకాల్లో ఏదో ఒకటి కనిపించి తీరుతుంది, దాన్ని పట్టుకుని కమిటీ నెల రోజులు కొట్టుకుంటుంది.

యో-యో పరీక్ష (వేగం పెంచుకుంటూ, మధ్యలో కాస్త ఆగుతూ అటూ ఇటూ పరిగెత్తడం) లెవెల్ 1లో 1,480 మీటర్లు. రెండేళ్ల కిందట ఇదే మైదానంలో 1,800. మీటర్లని 0.0084తో గుణించి 36.4 కలిపితే ఆక్సిజన్ సామర్థ్యం అంచనాగా వస్తుంది, 51.5 నుంచి 48.8. ఆ అంచనా మొరటుది, మీటర్లనే పోల్చుకోవడం మేలు. అదీ ఒకే నెలలో, ఒకే మైదానంలో, పొద్దున ఆరున్నరకే అయితేనే. డిసెంబర్ అంకెని మే అంకెతో పోలిస్తే సముద్రపు తేమని కొలిచినట్టే అవుతుంది, మనిషిని కాదు. 10 మీటర్ల స్ప్రింట్‌ని స్టాప్‌వాచ్‌తో కొలవడం దండగ. చేతి పొరపాటు రెండు పదో వంతుల సెకను దాకా ఉంటుంది, మనం వెతుకుతున్న తేడా అంతకన్నా చిన్నది.

గుండె పరీక్ష మీద బేరం లేదు. 35 దాటిన క్రీడాకారుల్లో హఠాన్మరణాలకి మొదటి కారణం గుండె రక్తనాళాల జబ్బు. ఈసీజీ, ఎకో, దానికి తోడు ట్రెడ్‌మిల్ పరీక్ష, ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులో గుండెపోటు వచ్చిందా అన్న ప్రశ్న. ఖర్చు క్లబ్బుదే. కాంట్రాక్టు రెండో ఏడు అతనికి 36 వస్తాయి కాబట్టి ఇది ఇప్పుడే చేయించాలి.

వయసు ఎంత, నీళ్లు ఎంత

చివరి అరగంట తగ్గుదలకి వయసొక్కటే కారణమా అని తేల్చడానికి కావలసింది ఒక వేయింగ్ మెషీన్. మ్యాచ్‌కి ముందు, తర్వాత నిక్కరుతో, ఒళ్లు తుడుచుకుని నిలబెట్టాలి. ముందు 72 కిలోలు, తర్వాత 69.6. మధ్యలో తాగింది ఒక లీటరు. అంటే ఒంట్లోంచి పోయిన చెమట 3.4 లీటర్లు, తగ్గిన బరువు 3.3 శాతం. రెండు శాతం దాటితేనే పరుగు మీద దెబ్బ పడుతుంది. జెర్సీ మీద తెల్లటి చారలు కట్టడం చూస్తే ఉప్పు కూడా ఎక్కువే పోతోందని తెలుస్తూనే ఉంది.

తర్వాతి నాలుగు మ్యాచ్‌లకి ఒక పద్ధతి పెట్టాం. మ్యాచ్‌కి రెండు గంటల ముందు అర లీటరు నీళ్లు. వార్మప్ అయ్యాక 250 మిల్లీలీటర్ల ఓఆర్ఎస్. హాఫ్ టైమ్‌లో అర లీటరు ఓఆర్ఎస్, చల్లటి తడి తువ్వాలు మెడ మీద. ఆట ఆగిన ప్రతిసారీ టచ్‌లైన్ దగ్గర రెండు గుక్కలు. లీటరు ప్యాకెట్‌ని సరిగ్గా లీటరు నీళ్లలోనే కలపాలి. అర లీటరులో కలిపితే చిక్కబడి కడుపులో నిలిచిపోతుంది, వాంతి వస్తుంది. రెండు లీటర్లలో కలిపితే ఉప్పు చాలదు. చెమట కన్నా ఎక్కువ తాగించడం కూడా ప్రమాదమే, రక్తంలో సోడియం పడిపోతుంది. మ్యాచ్ తర్వాత బరువు పెరిగి ఉంటే తాగించడం తగ్గించాలి. బీపీ ఉన్నవాళ్లకి ఓఆర్ఎస్ మొదలుపెట్టే ముందు డాక్టర్ని అడగాలి.

బరువు తగ్గుదల 1.2 కిలోలకి వచ్చింది. చివరి అరగంటలో వెనక్కి పరుగులు మూడో వంతు నుంచి సగానికి చేరాయి. పూర్తిగా రాలేదు. అంటే తగ్గుదలలో కొంత నీళ్లది, మిగిలింది వయసుది. నాలుగు మ్యాచ్‌లతో ఖాయంగా చెప్పలేం గానీ దిశ స్పష్టంగా ఉంది. ఈ పరీక్ష చేయకుండా "పెద్దోడైపోయాడు గురూ" అని తేల్చేసే క్లబ్బులు మన తీరంలో చాలా ఉంటాయి. నాలుగు ప్యాకెట్ల ఓఆర్ఎస్‌తో కొంతైనా సర్దుకునే దానికి ఒక ఆటగాణ్ణి ఇంటికి పంపడం అన్యాయం.

పెద్ద క్లబ్బులు నేర్పేవి

2021లో 36 ఏళ్ల క్రిస్టియానో రొనాల్డోని మాంచెస్టర్ యునైటెడ్ వెనక్కి తెచ్చుకుంది. లీగ్‌లో 18 గోల్స్ కొట్టాడు. జట్టు గోల్స్ మాత్రం ముందు సీజన్‌లో 73 ఉన్నవి 57కి పడ్డాయి, పాయింట్లు 74 నుంచి 58కి, రెండో స్థానం నుంచి ఆరో స్థానానికి. కోచ్ మధ్యలో మారాడు, తప్పంతా ఒక్కడి మీద వేయలేం. కానీ ఒకడి గోల్స్, జట్టు గోల్స్ వేరువేరు లెక్కలని చెప్పడానికి ఇంతకంటే గట్టి ఉదాహరణ దొరకదు. 2022 నవంబర్‌లో విడిపోయారు.

రియల్ మాడ్రిడ్ లుకా మోద్రిచ్‌ని ఏడాదికోసారి పొడిగిస్తూ 2025 దాకా నడిపించింది. 39 ఏళ్లకి అక్కణ్ణుంచి ఏసీ మిలాన్‌కి వెళ్లాడు. ఆర్సెన్ వెంగర్ కాలంలో ఆర్సెనల్ ముప్పై దాటినవాళ్లకి ఏడాది కాంట్రాక్టే ఇచ్చేది. దానివల్ల 2006లో రాబర్ట్ పిరెస్ రెండేళ్లు ఇచ్చిన వియారియల్‌కి వెళ్లిపోయాడు. కచ్చితమైన నియమానికి ధర ఉంటుంది, ఆ ధర చెల్లించడానికి సిద్ధపడే నియమం పెట్టుకోవాలి. మన దేశంలో సునీల్ ఛెత్రి 40 ఏళ్ల వయసులో, 2024-25 ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్)లో 14 గోల్స్ కొట్టాడు. వయసు అంకె చూసి కొట్టిపారేయకూడదనడానికి అదొక్కటి చాలు. కానీ అతని శరీర క్రమశిక్షణ, బెంగళూరు క్లబ్బు వైద్య సదుపాయాలు మన స్ట్రైకర్‌కి లేవు. మనవాడికి పగలు డిపార్ట్‌మెంట్ ఉద్యోగం ఉంది, నెలలో వారం నైట్ షిఫ్ట్ ఉంది.

కాంట్రాక్టు ఎలా రాశారు

తేలిన నిర్ణయం: ఉంచుకోవాలి, ఏడాదికే, స్టార్టర్‌గా 60 నిమిషాలకి.

ఫిఫా నిబంధనల్లో క్లబ్బులు పదేపదే పట్టించుకోనివి కొన్ని ఉన్నాయి. కాంట్రాక్టు చివరి ఆరు నెలల్లో ఆటగాడు వేరే క్లబ్బుతో స్వేచ్ఛగా మాట్లాడుకుని సంతకం చేయొచ్చు. కాబట్టి ఈ కసరత్తు అంతకు ముందే మొదలవ్వాలి, సీజన్ చివర్లో మొదలుపెడితే బేరం అతని చేతిలో ఉంటుంది. "వైద్య పరీక్ష పాసైతేనే కాంట్రాక్టు చెల్లుతుంది" అని రాస్తే ఆ షరతు నిలవదు. పరీక్షలన్నీ సంతకానికి ముందే పూర్తి కావాలి. పేరున్న ప్రొఫెషనల్ సీజన్‌లో పది శాతం కన్నా తక్కువ అధికారిక మ్యాచ్‌ల్లో ఆడితే, క్రీడాపరమైన కారణం చూపి కాంట్రాక్టు రద్దు కోరవచ్చు. రెండు నెలల జీతం బకాయి పడితే, పదిహేను రోజుల నోటీసు ఇచ్చి వెళ్లిపోయే హక్కు ఉంది. స్పాన్సర్ డబ్బు ఆలస్యమైందని పెద్ద జీతాన్నే ముందు ఆపే అలవాటు చాలా చోట్ల ఉంది, అది నేరుగా ఈ నిబంధనకి తగులుతుంది.

జీతం మూడు ముక్కలు. మూలవేతనం నెలకి 28,000, ఎనిమిది నెలలకి 2,24,000. మ్యాచ్ జట్టులో పేరున్న ప్రతి మ్యాచ్‌కి 2,500, మొత్తం 22 మ్యాచ్‌లకి 55,000. వారానికి రెండుసార్లు జూనియర్లకి ఫినిషింగ్ నేర్పినందుకు నెలకి 5,000, అంటే 40,000. అన్నీ అందుకుంటే 3,19,000, పోయిన సీజన్ జీతానికి వెయ్యి తక్కువ. గాయపడితే మూలవేతనం పూర్తిగా వస్తుంది, చికిత్స ఖర్చు క్లబ్బుదే. దీన్ని కత్తిరించిన చోట ఆటగాడు నొప్పి దాచి ఆడతాడు, చిన్న పట్టు పెద్ద చీలిక అవుతుంది.

గోల్‌కి బోనస్ పెట్టలేదు. పెడితే పక్కన ఖాళీగా ఉన్నవాడికి బంతి ఇవ్వడు. "ఇన్ని మ్యాచ్‌లు మొదటి పదకొండులో ఆడితే ఇంకో ఏడాది తనంతట తానే పొడిగింపు" అన్న షరతుని కమిటీ అడిగింది, తీయించాం. అలాంటి షరతు ఉన్నచోట సీజన్ చివర్లో ఆటగాడు ఇంకో రెండు మ్యాచ్‌ల దూరంలో ఉండగా కోచ్‌కి పైనుంచి ఫోన్ వస్తుంది. పొడిగింపు తప్పించడానికి ఆడించకపోతే మ్యాచ్ పోతుంది, ఆడిస్తే బడ్జెట్ పోతుంది. దాని బదులు, ఫిబ్రవరిలో ఇద్దరూ కూర్చుని అవే పరీక్షల అంకెలు చూసి మాట్లాడుకోవాలని తేదీ రాశాం.

చెప్పే పద్ధతి కూడా కాంట్రాక్టంత ముఖ్యం. సెక్రటరీ, కోచ్ ఇద్దరూ కలిసి, అతని ముందు అంకెలన్నీ పరిచి చెప్పారు. "అన్నా, నీ కాలు ఎక్కడా తగ్గలేదు, చూడు, 17 శాతం. తగ్గింది అరవై తర్వాత పరుగు" అని కోచ్ వీడియో చూపించాక అతను అడిగింది ఒకటే: "కెప్టెన్సీ ఉంచుతారా సార్?" ఉంచారు. డబ్బు కన్నా అతనికి కావలసింది అదని ముందే తెలిసి ఉంటే బేరం ఒక వారం ముందే ముగిసేది.

ఎందుకు 60వ నిమిషంలో దించడం, ఎక్కించడం కాదు

వయసైన స్ట్రైకర్‌ని చివరి అరగంటకే మైదానంలోకి పంపాలన్నది అందరూ చెప్పే మాట. ఈ ఆటగాడికి అది సరిపడదు. గంట సేపు బెంచ్ మీద కూర్చున్న 34 ఏళ్ల పిక్క, అయిదు నిమిషాల వార్మప్‌తో స్ప్రింట్‌కి సిద్ధం కాదు, అందులోనూ రెండుసార్లు పట్టేసిన పిక్క. అతని బలం గోల్‌కి వీపు పెట్టి బంతి నిలబెట్టడం. ఎదుటి డిఫెన్స్ తాజాగా, గట్టిగా ఉన్నప్పుడే దాని విలువ. కుర్రాడి బలం వేగం, ఎదుటివాళ్లు అలిసిపోయాక అది రెట్టింపవుతుంది. కాబట్టి పెద్దవాడితో మొదలుపెట్టి చిన్నవాడితో ముగించాలి.

సీజన్‌లో మొత్తం 1,980 నిమిషాలు. అతనికి 1,100, కుర్రాడికి 700, మిగతా 180 ఫార్మేషన్ మార్చినప్పుడు వేరేవాళ్లకి. 72 గంటల్లో రెండు మ్యాచ్‌లుంటే ఒక్కదాంట్లోనే మొదలు. ఆట నడుస్తుండగా అయిదు మార్పులకి మూడే అవకాశాలుంటాయి, వాటిలో ఒకటి ముందే ఖర్చయిపోతుందని కోచ్ గుర్తుంచుకోవాలి. ఆ అవకాశంలోనే వింగర్‌ని కూడా మార్చేయడం మంచిది. 60 తర్వాత పెనాల్టీ వస్తే ఎవరు కొట్టాలో మ్యాచ్‌కి ముందే చెప్పాలి.

శిక్షణలో మార్పులు కొన్ని. మ్యాచ్ మర్నాడు సైకిల్, రెండో రోజు పైభాగం జిమ్, స్ప్రింట్లు నాలుగో రోజే. పిక్కకి వారానికి మూడుసార్లు మడమ ఎత్తి దించడం, మోకాలు చాచి ఒకసారి, వంచి ఒకసారి, పన్నెండు చొప్పున మూడు సెట్లు, బరువు పట్టుకుని. నార్డిక్ హామ్‌స్ట్రింగ్ (మోకాళ్ల మీద నిలబడి మెల్లగా ముందుకి వాలే, తొడ వెనక కండరాల వ్యాయామం) మ్యాచ్‌కి కనీసం మూడు రోజుల ముందే. ఆర్‌కే బీచ్‌లో ఇసుక పరుగు విశాఖ ఆటగాళ్లందరికీ ఇష్టం. అతనికి మెత్తటి ఇసుకలో ఆపేయించాం, మడమ లోతుగా దిగబడి పిక్క మీద భారం పడుతుంది. తడి ఇసుక గట్టిగానే ఉంటుంది గానీ సముద్రం వైపు వాలు. పోయినంత దూరం వెనక్కి కూడా అదే వాలు మీద రావాలి, లేకపోతే ఒక కాలే పైన పరిగెడుతుంది. సింహాచలం మెట్లు ఎక్కడం మంచిదే. దిగడమే తొడల్ని రెండు రోజులు పట్టేస్తుంది, కాబట్టి మ్యాచ్ వారంలో వద్దు.

సీజన్ నడిచిన తీరు

అతను ఆడింది 1,040 నిమిషాలు. పెనాల్టీ కానివి ఆరు గోల్స్, ప్రతి 90 నిమిషాలకీ 0.52. కుర్రాడు 690 నిమిషాల్లో నాలుగు. రెండేళ్ల కిందటి వేగానికి పెద్దవాడు తిరిగొచ్చాడని ఈ 0.52 చూసి అనుకోవద్దు. తగ్గే నిమిషాలు తీసేశాం కాబట్టి మిగిలినవి బాగున్నాయి, అంతే.

నవంబర్‌లో ఎడమ పిక్క పట్టేసి అతను మూడు మ్యాచ్‌లు ఆడలేకపోయాడు. దానికి ముందు కుర్రాడికి పసుపు కార్డుల సస్పెన్షన్ పడింది, దాంతో 72 గంటల్లో రెండు మ్యాచ్‌లు పెద్దవాడే మొదలుపెట్టాడు. రెండో దానికి ముందు రెండు రాత్రులు నైట్ షిఫ్ట్ చేశాడు. నిద్ర అయిదు గంటలు. ప్లాన్‌లో మూడో స్ట్రైకర్ లేకపోవడమే అసలు లోపం. ఇద్దరి మధ్య నిమిషాలు పంచినప్పుడు ఒకరు పోతే రెండోవాడి మీద పడే భారం లెక్కలో ఉండాలి. ఆ తర్వాత వింగర్ ఒకణ్ణి వారానికోసారి సెంటర్‌లో ఆడించి సిద్ధం చేశారు. మ్యాచ్‌కి ముందు రెండు రాత్రులు షిఫ్ట్ మార్పించమని ఆఫీసుకి క్లబ్బు లెటర్‌హెడ్ మీద సీజన్ మొదట్లోనే, మ్యాచ్‌ల జాబితాతో సహా ఉత్తరం పెట్టాలి. అడిగినప్పుడల్లా ఇచ్చే సెలవు మీద ఆధారపడకూడదు.

సొంత మైదానంలో మొదటి మూడు మ్యాచ్‌ల్లో 60వ నిమిషానికి బోర్డు ఎత్తగానే స్టాండ్‌లోంచి కేకలు వచ్చాయి. కోచ్ రెండోసారి భయపడి 75 దాకా ఉంచాడు, ఆ పదిహేను నిమిషాల్లో అతను తీసిన వెనక్కి పరుగు ఒక్కటి. మర్నాడు ఆ అంకె చూపించాక మళ్లీ అలా జరగలేదు. కెప్టెన్ దిగుతూ చేతి పట్టీని కుర్రాడి చేతికే కట్టడం మొదలుపెట్టాక కేకలు వాటంతటవే తగ్గాయి.

ఫిబ్రవరి పరీక్షల్లో ఎడమవైపు మడమ ఎత్తి దించడం 24, యో-యో 1,440 మీటర్లు, గెంతు మామూలుకి రావడానికి 96 గంటలు. మొదటి రెండూ పర్వాలేదు. మూడోది మారింది. వారానికో మ్యాచ్ ఉన్నంతవరకూ అతను ఆడగలడు, మధ్యవారం మ్యాచ్‌లున్న వారాల్లో ఒక మ్యాచ్‌కి జట్టులో పేరు కూడా రాయకూడదు. వచ్చే సీజన్ మ్యాచ్‌ల జాబితా వచ్చాక అలాంటి వారాలు ఎన్నున్నాయో లెక్కపెట్టి, నాలుగు దాటితే ఆటగాడిగా కాక జూనియర్ల ఫార్వర్డ్ కోచ్‌గా కాంట్రాక్టు ఇవ్వాలనీ, నాలుగు దాటకపోతే 700 నిమిషాలకి మూలవేతనం 22,000తో ఇంకో ఏడాది ఇవ్వాలనీ కమిటీకి రాసిచ్చాం.